కొల్లేటి పునరుద్ధరణ ప్రణాళికలు: హద్దులు, ప్రవాహాలు, ప్రజలు – ఒక చారిత్రక పరిశీలన

ప్రవేశిక

అంతు తెలియని పొడవును చెప్పడానికి తెలుగువారు 'కొల్లేటి చాంతాడు' అంటారు. కొల్లేరును చూడనివారి నోట కూడా ఈ మాట వినిపిస్తుంది. ఒక సరస్సు తన తీరాన్ని దాటి జాతీయంలో స్థిరపడిందంటే ఆ భాషా సమాజపు ఊహలో దానికి ఎంత చోటు ఉండేదో గ్రహించవచ్చు. గడచిన అర్ధ శతాబ్దంలో కొల్లేటిపై వచ్చిన కమిటీ నివేదికలు, ప్రభుత్వ ఉత్తర్వులు, న్యాయస్థానాల ఆదేశాల జాబితాకు కూడా ఈ ఉపమానం చక్కగా సరిపోతుంది. ఇన్ని ప్రణాళికలు వచ్చినా కొల్లేరు కోలుకోకపోవడానికి కారణం నిధుల కొరతా, రాజకీయ సంకల్ప లోపమా, ఆక్రమణదారుల బలమా అన్న చర్చ పత్రికల్లో చాలాకాలంగా జరుగుతున్నది. ఆ కారణాలు కాదనదగినవి కావు. అయితే వాటికంటే ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది: ఆయా ప్రణాళికలు కొల్లేరు అంటే ఏమిటని భావించాయి?

ఈ ప్రశ్నతో కొల్లేటి చరిత్రను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. పందొమ్మిదో శతాబ్ది ఆనకట్టల కాలం నుంచి నేటివరకు పాలనా యంత్రాంగం కొల్లేటిని వరుసగా మురుగు చేరే పల్లంగా, వరద పట్టే గిన్నెగా, చేపలు పెంచే భూమిగా, పక్షులకు రక్షిత స్థలంగా చూసింది. ప్రతి దృష్టికీ తనదైన హద్దు ఉంది. స్థానిక భాష, స్థలకథ, జీవనం మాత్రం కొల్లేటిని పై నుంచి వచ్చే ఏళ్లకూ సముద్రానికీ నడుమ సాగే నీటి నడకగా గుర్తించాయి. ఈ రెండు అవగాహనల మధ్య దూరమే పునరుద్ధరణ ప్రయత్నాల వైఫల్యంలో ప్రధాన భాగమన్నది ఇక్కడి ప్రతిపాదన.

పేరులోని ఏరు

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న సహజమైన పల్లం కొల్లేరు. మన దేశంలోని పెద్ద మంచినీటి సరస్సుల్లో ఇది ఒకటి. మైలవరం పరిసర కొండల నుంచి వచ్చే బుడమేరు, మెట్ట ప్రాంతం నుంచి దిగే తమ్మిలేరు, రామిలేరు, గుండేరు దీనికి నీరు తెస్తాయి. కృష్ణా తూర్పు డెల్టా, గోదావరి పశ్చిమ డెల్టాల మిగులు నీరు, మురుగు నీరు పదుల సంఖ్యలోని కాలువల ద్వారా ఇందులోకే చేరుతుంది. ఇంత నీటికి బయటికి పోయే దారి ఒక్కటే. అది అరవై కిలోమీటర్లకు పైగా మెలికలు తిరిగి బంగాళాఖాతంలో కలిసే ఉప్పుటేరు.

ఈ పేర్లను వరుసగా చదివితే ఒక విషయం స్పష్టమవుతుంది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు, కొల్లేరు, ఉప్పుటేరు – అన్నిటి చివరా 'ఏరు' ఉంది. ఔపవిభక్తిక రూపాల్లోనూ బుడమేటి, తమ్మిలేటి, కొల్లేటి అన్న ఒకే తీరు కనిపిస్తుంది. 'ఉప్పు', 'ఏరు' కలిసి టుగాగమంతో ఉప్పుటేరు అయింది. కొల్లేరులోని పూర్వపదం వ్యుత్పత్తి ఏదైనా కావచ్చు, ఉత్తరపదంగా వినిపించేది మాత్రం ఏరే. తెలుగులో నిలిచిన నీటికి చెరువు, కుంట, కొలను, మడుగు, తటాకం వంటి మాటలకు కొదవ లేదు. అయినా ఇంత విశాలమైన జలాశయాన్ని జనవ్యవహారం ఏళ్ల కుటుంబంలోనే చేర్చింది. ఇది చారిత్రక రుజువు కాదు, భాష ఇచ్చే సూచన మాత్రమే. కానీ భౌగోళిక వాస్తవంతో ఆ సూచన సరిగ్గా పొసగుతుంది. కొల్లేటి ప్రాణం అందులో నిలిచిన నీటిపైన కంటే, దానిగుండా సాగే నీటిపైనే ఎక్కువగా ఆధారపడి ఉంది. వర్షాకాలంలో విస్తరించడం, వేసవిలో కుంచించుకుపోవడం, ఉప్పుటేటి మీదుగా సముద్రానికి నీరు వదలడం దాని సహజ స్వభావం. అలాంటి జలరాశికి స్థిరమైన గట్టు గీయడమే కష్టం. తరువాతి కాలపు వివాదాలన్నిటికీ మూలం ఈ కష్టంలోనే ఉంది.

శాసనం, కావ్యం, స్థలకథ

ప్రాచీన ఆధారాల్లో కొల్లేటి ప్రస్తావన రాజకీయ చరిత్రతో ముడిపడి కనిపిస్తుంది. సరస్సుకు ఉత్తరాన ఉన్న పెదవేగి, అంటే నాటి వేంగి, శాలంకాయనుల కాలం నుంచి తూర్పు చాళుక్యుల వరకు రాజధానిగా ప్రసిద్ధం. రెండో పులకేశి విజయాలను వర్ణించే ఐహోళె శాసనంలో యుద్ధంతో ఎర్రబారినట్లు చెప్పిన 'కునాల' జలాలను కీల్‌హార్న్ కొల్లేరుగా గుర్తించాడు. దండి 'దశకుమారచరితం'లో మంత్రగుప్తుని కథ ఆంధ్రనగరం దాపున ఉన్న ఒక మహాసరస్సు ఒడ్డున నడుస్తుంది. ఓష్ఠ్యాక్షరాలు లేకుండా రాసిన భాగంగా ఆ ఉచ్ఛ్వాసం కావ్యవిద్యార్థులకు పరిచితం. సముద్రాన్ని తలపించే ఆ సరస్సును కొల్లేరుగా పలువురు పండితులు భావించారు. ఈ గుర్తింపులు పూర్తిగా నిర్వివాదాలు కావు. అయినా వేంగి రాజ్య భౌగోళికంలో ఒక మహాజలాశయం అనివార్యమైన అంశంగా నిలిచిందని చెప్పడానికి ఇవి చాలు.

పునరుద్ధరణ చర్చకు వీటికంటే ఎక్కువగా ఉపకరించేది కొల్లేటికోట స్థలకథ. సరస్సు మధ్యనున్న ఈ ఊరిలో పెద్దింట్లమ్మ కొలువై ఉంది. ఫాల్గుణ మాసంలో జరిగే జాతరకు లంక గ్రామాల వారే కాక దూరప్రాంతాల వారూ వస్తారు. గజపతుల కాలంలో ఇక్కడ నీటికోట ఉండేదనీ, దాన్ని పట్టుకోవడానికి కొల్లేటి నీటిని సముద్రానికి వదలాలని ఉప్పుటేటిని తవ్వించారనీ, కార్యసిద్ధి కోసం సేనాని తన కుమార్తెను బలి ఇచ్చాడనీ, ఆ కారణంగా ఆ నీటిదారికి పేరంటాల కనుమ అన్న పేరు వచ్చిందనీ ఐతిహ్యం. బ్రిటిష్ కాలపు గెజిటీర్లు కూడా ఈ కథను నమోదు చేశాయి. ఉప్పుటేరు మానవ నిర్మితమన్న మాటను భూగోళశాస్త్రం బలపరచదు. చరిత్రగా ఈ కథకు విలువ తక్కువే. కానీ స్థానిక సమాజపు విలువల సాక్ష్యంగా దీనికి ప్రాముఖ్యం ఉంది. కొల్లేటిని ఎండగట్టడం ఇందులో యుద్ధచర్య. దానికి చెల్లించిన మూల్యం కన్నబిడ్డ. నీరు బయటికి పోయే దారిని తాకితే సరస్సు మొత్తం మారిపోతుందన్న ఎరుక కూడా ఈ కథలో నిక్షిప్తమై ఉంది.

ఆనకట్టల తరువాత

1852లో ధవళేశ్వరం వద్ద గోదావరి ఆనకట్ట, 1855లో విజయవాడ వద్ద కృష్ణా ఆనకట్ట పూర్తయ్యాయి. కరవులతో, తుఫానులతో కుంగిన రెండు జిల్లాలు కొన్ని దశాబ్దాల్లో ధాన్యాగారాలుగా మారాయి. ఆర్థర్ కాటన్ పేరు డెల్టా రైతుల ఇళ్లలో ఇప్పటికీ గౌరవంతో వినిపించడానికి ఇదే కారణం. అయితే కాలువ నీరు పొలానికి చేరడం కథలో సగమే. పొలం వదిలిన నీరు ఎక్కడికి పోవాలన్నది రెండో సగం. రెండు డెల్టాలకూ మధ్యనున్న పల్లం కొల్లేరే కనుక ఆ ప్రశ్నకు సమాధానం ముందే రాసిపెట్టినట్లయింది. అంతవరకు వానల లయను అనుసరించిన సరస్సుకు సాగు కాలమంతా మిగులు నీరు చేరసాగింది. నీటితోపాటు ఒండ్రు, తరువాతి కాలంలో రసాయనిక ఎరువుల, పురుగుమందుల శేషాలు కూడా వచ్చాయి.

కృష్ణా, గోదావరి జిల్లాల గురించి ఆ శతాబ్దిలో వెలువడిన మాన్యువళ్లలో కొల్లేటి వర్ణన కనిపిస్తుంది. ఆ గ్రంథాల ప్రధాన దృష్టి రెవెన్యూది. భూమి ఎంత, మునిగేది ఎంత, తేలేది ఎంత, శిస్తు వచ్చేది ఎంత అన్న లెక్కలో నీరు ఒక అవరోధంగా నిలిచింది. వేసవిలో నీరు తగ్గగానే అంచు నేలల్లో వరి వేసుకోవడం స్థానికంగా వాడుకలో ఉన్న పద్ధతే. వరద వస్తే ఆ సాగు పోయేది, మరుసటి ఏడు నేల మళ్లీ తేలేది. ఈ చంచలమైన అంచును స్థిరమైన భూమిగా మార్చాలన్న ఆలోచనకు రెవెన్యూ దృష్టి తావిచ్చింది.

మురుగు, వరద, నిపుణులు

స్వాతంత్ర్యానంతరం కొల్లేరు ప్రధానంగా వరద సమస్యగా ప్రభుత్వం ముందుకు వచ్చింది. బుడమేరు, తమ్మిలేరు ఒకేసారి పొంగితే ఆ నీటిని ఉప్పుటేరు అంత వేగంగా సముద్రానికి చేర్చలేదు. నీరు వెనక్కి ఎగదన్ని లంక గ్రామాలను, చుట్టుపక్కల పొలాలను ముంచుతుంది. 1960ల మధ్యకాలంలో ఎ.సి. మిత్రా నాయకత్వంలోని నిపుణుల కమిటీ డెల్టా మురుగు, వరద సమస్యలను అధ్యయనం చేసింది. మురుగు కాలువలను బాగుచేయడం, ఉప్పుటేటి నీటిమోత సామర్థ్యాన్ని పెంచడం నాటి చర్చలో ముఖ్యాంశాలు.

ఇంజనీర్ల ఈ ఆలోచనకు ఒక గుణం ఉంది. అది కొల్లేటిని ఒంటరిగా కాక, వచ్చే నీరు, పోయే నీరు కలిసిన వ్యవస్థగా చూసింది. దానికి ఒక పరిమితి కూడా ఉంది. నీరు ఎంత త్వరగా బయటికి పోతే అంత మేలన్నది దాని మూలసూత్రం. కానీ నీటిమట్టం మరీ తగ్గితే ఆటుపోట్ల వేళ సముద్రపు ఉప్పునీరు ఉప్పుటేటి మీదుగా పైకి ఎక్కివస్తుంది. మంచినీటి సరస్సుకు అది ప్రమాదం. వరద కాలంలో నీరు పోవాలి, వేసవిలో నీరు నిలవాలి. ఈ రెండు అవసరాలూ ఒకే దారి మీద ఆధారపడి ఉండటమే కొల్లేటి నిర్వహణలోని చిక్కు. ఉప్పుటేటిపై రెగ్యులేటర్లు కట్టాలన్న ప్రతిపాదన దశాబ్దాలుగా మళ్లీ మళ్లీ ముందుకు రావడానికి కారణమూ ఇదే.

చేపల చెరువుల ప్రణాళిక

కొల్లేటిలో వడ్డి కులస్థులు తరతరాలుగా చేపల వేటతో జీవించారు. తాటిదోనెలు, వలలు, మావులు వారి పనిముట్లు. కొర్రమీను, వాలుగ, ఇంగిలాయి, జెల్ల, మట్టగిడస వంటి చేపలు, కిక్కిస గడ్డి, వేసవి వరి – ఇవన్నీ కలిసి అక్కడి బతుకు. అక్కినేని కుటుంబరావు 'కొల్లేటి జాడలు' నవల ఈ జీవితాన్నీ దాని విచ్ఛిన్నతనూ చిత్రించింది. పాలనా పత్రాల్లో కానరాని కొల్లేటికి తెలుగు సాహిత్యంలో దొరికిన ముఖ్యమైన సాక్ష్యాల్లో అది ఒకటి.

1970ల మధ్యలో ప్రభుత్వం ఈ పేద మత్స్యకారుల అభ్యున్నతికి ఒక పథకం చేపట్టింది. సహకార సంఘాలను ఏర్పరచి, సరస్సు భూమిలో గట్లు వేసి, చేపల చెరువులు తవ్వి వారికి అప్పగించింది. ఉద్దేశం సంక్షేమమే. కానీ ఫలితాలు వేరుగా పరిణమించాయి. చెరువు పెంపకానికి పెట్టుబడి కావాలి. పిల్ల, మేత, మందులు, గట్ల మరమ్మతు, కోల్‌కతా వంటి దూరపు మార్కెట్లకు రవాణా – ఇవేవీ దోనె మీద బతికే కుటుంబానికి అందుబాటులో ఉన్నవి కావు. సంఘాల చెరువులు క్రమంగా లీజుల రూపంలో పెట్టుబడిదారుల చేతికి పోయాయి. తమ పేరున ఉన్న చెరువు గట్టుమీదే సభ్యులు కూలీలుగా మిగిలిన సందర్భాలు ఎన్నో. బొచ్చె, శీలావతి పెంపకం లాభసాటి అని తేలాక 1980లు, 1990లలో గట్లు సరస్సు నడిబొడ్డు వరకు విస్తరించాయి.

గట్టు ఒక ఆస్తిహద్దు మాత్రమే కాదు, అది నీటికి అడ్డుకట్ట కూడా. వేల ఎకరాల్లో లేచిన గట్లు ఏళ్లనుంచి వచ్చే వరద పరచుకునే చోటును తగ్గించాయి. ఉప్పుటేటి వైపు సాగే ప్రవాహాన్ని మళ్లించాయి. కదలని నీటిలో గుర్రపుడెక్క అల్లుకుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయ భూగోళశాస్త్రవేత్తలు ఉపగ్రహ చిత్రాల ఆధారంగా జరిపి 2004లో 'కరెంట్ సైన్స్' పత్రికలో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, వారు లెక్కకు తీసుకున్న సుమారు 245 చదరపు కిలోమీటర్ల సరస్సులో దాదాపు 42 శాతం చేపల చెరువులుగా మారింది. ఒక తరం కూడా పూర్తిగా గడవకముందే జరిగిన మార్పు ఇది.

మూడు హద్దులు, మూడు కొల్లేళ్లు

ఈ దశలో పర్యావరణ పరిరక్షణ దృష్టి ముందుకు వచ్చింది. 1999 అక్టోబరులో ప్రభుత్వం వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కొల్లేటిని అభయారణ్యంగా ప్రకటించింది. సముద్రమట్టానికి ఐదు అడుగుల ఎత్తున గీసిన రేఖ దాని హద్దు. వ్యవహారంలో 'ఐదో కాంటూరు'గా పిలిచే ఈ రేఖ లోపలి విస్తీర్ణం 308 చదరపు కిలోమీటర్లకు కొంచెం ఎక్కువ. 2002లో కొల్లేరు రామ్‌సర్ ఒడంబడిక కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలల జాబితాలో చేరింది. ఆ జాబితాలో నమోదైన విస్తీర్ణం 90,100 హెక్టార్లు, అనగా 901 చదరపు కిలోమీటర్లు. ఇది పదో కాంటూరు వరకు వ్యాపించే కొల్లేరు. 2008లో రాష్ట్ర శాసనసభ అభయారణ్య హద్దును మూడో కాంటూరుకు తగ్గించాలని తీర్మానించింది. ఆ రేఖ లోపలి విస్తీర్ణం సుమారు 135 చదరపు కిలోమీటర్లు.

పదేళ్లలోపే ఒకే సరస్సుకు 901, 308, 135 అన్న మూడు కొలతలు వచ్చాయి. వీటిలో ఏదీ కట్టుకథ కాదు. నిండు వరదలో, మామూలు వర్షాకాలంలో, నీరు తగ్గిన రోజుల్లో కొల్లేరు ఈ మూడు రూపాలనూ ధరిస్తుంది. ఋతువును బట్టి మారే ఒకే జలరాశి రూపాల్లో ఒకదాన్ని ఎంచి అదే శాశ్వతమైన కొల్లేరని నిర్ణయించవలసి రావడం వివాదానికి మూలం. ఐదో కాంటూరు లోపల ప్రభుత్వ భూమితోపాటు వేల ఎకరాల జిరాయితీ భూములు, డి-పట్టా భూములు ఉన్నాయి. తాతల నాటి పట్టా చేతిలో ఉన్న చిన్న రైతుకూ, బినామీ లీజులతో వందల ఎకరాల చెరువులు నడిపే వ్యాపారికీ కాంటూరు రేఖ ఒకటే. ఆ రేఖ నీటిమట్టాన్ని కొలుస్తుంది, హక్కుల తారతమ్యాన్ని కొలవదు. మూడో కాంటూరు కోరికకు ప్రజల్లో బలం చేకూర్చింది ఈ లోపమే. పెద్ద లీజుదారుల ప్రయోజనానికి చిన్న పట్టాదారుల న్యాయమైన బాధ రక్షణ కవచంగా ఉపయోగపడింది.

కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ 2010లో పి.ఎ. అజీజ్ అధ్యక్షతన నియమించిన కమిటీ హద్దు తగ్గింపును సమర్థించలేదు. మూడో కాంటూరు వరకే పరిమితమైతే మిగిలేది సరస్సు కాదు, నీటిగుంటే అన్న పరిరక్షణవాదుల వాదనకు దీనితో బలం వచ్చింది. కానీ హద్దును నిలబెట్టడం ఒక ఎత్తు, హద్దు లోపలి బతుకులకు దారి చూపడం మరొక ఎత్తు. రెండో పని మొదటిదాని వేగంతో ఎన్నడూ జరగలేదు.

ఆపరేషన్ కొల్లేరు

2006లో సుప్రీంకోర్టు, దాని కేంద్ర సాధికార కమిటీల జోక్యంతో ప్రభుత్వం అభయారణ్యంలోని చేపల చెరువుల గట్లను యంత్రాలతో, పేలుడు పదార్థాలతో ధ్వంసం చేసింది. ఆపరేషన్ కొల్లేరుగా ప్రసిద్ధమైన ఈ చర్య కొన్ని నెలల్లోనే వేల ఎకరాల గట్లను నేలమట్టం చేసింది. పరిపాలనా సామర్థ్యం దృష్ట్యా ఇది అరుదైన ఘటన. చాలాచోట్ల నీరు మళ్లీ పరచుకుంది.

అయితే 'ఆపరేషన్' అన్న పేరే దాని స్వభావాన్ని, పరిమితిని రెండింటినీ సూచిస్తుంది. శస్త్రచికిత్స ఒకసారి చేసేది. పునరుద్ధరణ ఏటేటా సాగవలసినది. గట్లు పోయిన చోట పూడిక మిగిలింది. గుర్రపుడెక్క తొలగింపు, కాలువల నిర్వహణ, పట్టణ మురుగు శుద్ధి వంటి పనులు వేర్వేరు శాఖల మధ్య చెదిరిపోయాయి. చెరువు పోయిన సంఘ సభ్యుడికి సంప్రదాయ వేట తిరిగి దక్కుతుందన్న ఆశ ఉండేది. కానీ చేపల సంతతి, నీటి నాణ్యత, వేట నైపుణ్యం మూడూ అప్పటికే దెబ్బతిన్నాయి. జీవనోపాధి ఖాళీగా ఉన్న చోటికి పెట్టుబడి తిరిగి వచ్చింది. తరువాతి సంవత్సరాల్లో అభయారణ్యంలో గట్లు మళ్లీ లేచాయి, వ్యాజ్యాలు మళ్లీ న్యాయస్థానాలకు చేరాయి. కూల్చివేత జరగకూడదని దీని అర్థం కాదు. కూల్చివేతతోనే పని పూర్తయిందని భావించడం దోషం.

గూడబాతుల సాక్ష్యం

ప్రకృతి కోలుకోవడం ఎలా ఉంటుందో కొల్లేటిలోనే ఒక చిన్న ఉదాహరణ ఉంది. 1946లో పక్షిశాస్త్రవేత్త కె.కె. నీలకంఠన్ కొల్లేటి సమీపంలోని ఆరేడు వద్ద గూడబాతుల భారీ సంతాన స్థావరాన్ని గుర్తించారు. అప్పుడు అక్కడ దాదాపు మూడు వేల పక్షులు గూళ్లు కట్టుకున్నట్లు నమోదైంది. 1970లలో ఆ స్థావరం ఖాళీ అయింది. కొన్ని దశాబ్దాల తరువాత కైకలూరు దగ్గరి ఆటపాకలో గూడబాతులు తిరిగి గూళ్లు కట్టాయి. గూటికి అనువైన చెట్లు చాలనందున అటవీశాఖ నీటిలో ఇనుప మంచెలు నిలిపింది. పక్షులు వాటిని అంగీకరించాయి. నేడు ఆటపాక దేశంలోని ముఖ్యమైన గూడబాతు స్థావరాల్లో ఒకటి.

ఈ ఉదాహరణ రెండు విషయాలు చెబుతుంది. మొదటిది, స్థలానికి తగిన చిన్న చర్యకు ప్రకృతి స్పందిస్తుంది. రెండోది, ఆ స్పందన సరస్సు ఆరోగ్యానికి పూర్తి ప్రమాణం కాదు. గూడబాతు చేప ఎక్కడ దొరికితే అక్కడ తింటుంది, పెంపకపు చెరువు కూడా దానికి మేతస్థలమే. చెట్టుకు బదులు ఇనుప మంచె నిలిచిన చోట పక్షి వచ్చినంత మాత్రాన చెట్టు వచ్చినట్లు కాదు. కిక్కిస పొదల్లో గూడు కట్టే చిన్న పక్షులు, ప్రవహించే నీటిలో గుడ్లుపెట్టే స్థానిక చేపలు తిరిగి రావడం ఇంకా కఠినమైన పరీక్ష. ఆటపాక విజయాన్ని ప్రదర్శనగా కాక ప్రారంభంగా గ్రహించడం ఉచితం.

చిలికా పోలిక

ఉత్తరాన ఒడిశాలోని చిలికాతో పోలిక ఇక్కడ ఉపయుక్తం. చిలికా కూడా పూడిక, కలుపు, తగ్గిన చేపల దిగుబడితో క్షీణించి, 1993లో రామ్‌సర్ ఒడంబడికవారి ప్రమాదస్థితి జాబితా అయిన మాంట్రో రికార్డుకు ఎక్కింది. 1991లోనే ఏర్పడిన చిలికా అభివృద్ధి సంస్థ అధ్యయనాల ఆధారంగా 2000 సెప్టెంబరులో సముద్రానికి కొత్త ముఖద్వారం తవ్వించింది. ఉప్పు, తీపి నీళ్ల సమతుల్యం మెరుగుపడింది. 2002లో చిలికా ఆ జాబితా నుంచి బయటపడింది. కొల్లేరు రామ్‌సర్ జాబితాకు ఎక్కినదీ ఆ ఏడే. చిలికాలో అన్నీ సర్దుకున్నాయని కాదు, రొయ్యల ఘేరీల ఆక్రమణ సమస్య అక్కడా మిగిలే ఉంది. అయినా సరస్సు కోసమే పనిచేసే ఒక శాశ్వత సంస్థ, పరీవాహక ప్రాంతం నుంచి ముఖద్వారం వరకు ఒకే అధ్యయన దృష్టి అక్కడ ఉన్నాయి. కొల్లేటికి ప్రత్యేక సంస్థ కావాలన్న సూచన 1980ల నుంచీ వినిపిస్తున్నది. ఆచరణలో నీటిపారుదల, అటవీ, మత్స్య, రెవెన్యూ, పురపాలక శాఖలు ఎవరి హద్దులో వారు పనిచేస్తూ వచ్చాయి. సరస్సు రెండు జిల్లాల మధ్య చీలి ఉండటం కూడా సమన్వయానికి అడ్డంకిగా ఉండేది. 2022 జిల్లాల పునర్విభజనలో కైకలూరు ప్రాంతం ఏలూరు జిల్లాలో చేరడంతో ఆ అడ్డంకి చాలావరకు తొలగింది.

బుడమేరు చెప్పిన పాఠం

2024 ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట బుడమేరు పొంగి, గట్లు తెగి, విజయవాడలోని విశాలమైన నివాస ప్రాంతాలు రోజుల తరబడి నీటిలో ఉండిపోయాయి. ఆ విపత్తు ప్రధానంగా నగర వరదగానే చర్చకు వచ్చింది. కానీ బుడమేరు గమ్యం కొల్లేరు. ఎగువన ఏటి గర్భం ఇరుకైతే నగరం మునుగుతుంది. దిగువన నీరు పరచుకునే చోటు తగ్గితే లంకలు మునుగుతాయి. విజయవాడ నగరవాసి, మండవల్లి రైతు, కొల్లేటికోట మత్స్యకారుడు ఒకే నీటిదారి మీద నివసిస్తున్నారన్న సంగతిని వరద గుర్తుచేసింది. పాలనా పటంలో వారిని కలిపే ప్రణాళిక లేదు.

చిత్తడినేలల పరిరక్షణకు 2017లో కేంద్రం ప్రకటించిన నియమాల్లో 'ప్రభావ మండలం' అన్న భావన ఉంది. చిత్తడినేల స్వభావాన్ని దెబ్బతీయగల పనులు జరిగే పరీవాహక భాగాన్ని ప్రణాళికలో చేర్చాలన్నది దాని సారం. దీన్ని నిజంగా పాటిస్తే కొల్లేటి ప్రణాళిక ఐదో కాంటూరు దగ్గర ఆగదు. మైలవరం కొండల్లోని బుడమేటి మూలం, తమ్మిలేటి ఒడ్డున ఏలూరు మురుగు, డెల్టా పొలాల రసాయన వినియోగం, ఉప్పుటేటి ముఖం – ఇవన్నీ అందులోకి వస్తాయి. హద్దు ప్రశ్న అప్పుడు స్వభావం మార్చుకుంటుంది. ఎవరిని లోపల ఉంచాలి, ఎవరిని బయట ఉంచాలి అన్న తగవు స్థానంలో, నీటిదారిలో ఏ చోట ఎవరి బాధ్యత ఎంత అన్న లెక్క వస్తుంది. ఎగువ పట్టణం తన మురుగును శుద్ధి చేయనంతకాలం దిగువ మత్స్యకారుణ్ణి మాత్రమే నియమాలకు కట్టడి చేయడం న్యాయమూ కాదు, ఫలప్రదమూ కాదు.

ఉపసంహారం

పై పరిశీలన నుంచి తేలే అంశాలు ఇవి. కొల్లేటిపై వచ్చిన ప్రతి ప్రణాళికా అప్పటి ఒక నిజమైన అవసరానికి స్పందించింది: పంట, వరద రక్షణ, పేదల ఉపాధి, పక్షుల సంరక్షణ. ఒక అవసరాన్ని తీర్చే క్రమంలో ప్రతిదీ సరస్సును ఒకే ప్రయోజనానికి కుదించింది. ఆ కుదింపు భారం పదేపదే లంక గ్రామాల పేద కుటుంబాలపై పడింది. 1970లలో వారు లబ్ధిదారులు, 2006లో ఆక్రమణదారులు. ఈ రెండు పాత్రలూ వారు కోరి తీసుకున్నవి కావు. ప్రణాళికను రూపొందించే వేళ వారిని అడిగిన దాఖలాలు మాత్రం తక్కువ.

జీవవైవిధ్య చట్టం 2002 ప్రకారం ప్రతి స్థానిక సంస్థలో యాజమాన్య కమిటీ ఏర్పడి, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరును రాయాలి. అక్కడి జనం ఎరిగిన మొక్కలు, చేపలు, పక్షులు, నీటి వనరులు అందులో వారి మాటల్లోనే నమోదు కావాలి. కొల్లేటి ఊళ్లలో ఈ పని శ్రద్ధగా జరిగితే పునరుద్ధరణకు ఒక కొలమానం దొరుకుతుంది. ఏ చేప ఎక్కడ గుడ్లుపెట్టేదో, ఏ నెలలో నీరు ఏ గట్టు దాకా వచ్చేదో, ఏ కాలువ ఎప్పుడు పూడిందో చెప్పగల వృద్ధులు ఇంకా ఉన్నారు. ఉపగ్రహ చిత్రం చూపలేని కాలం వారి జ్ఞాపకంలో ఉంది.

ఈ పనిలో తెలుగు శాఖలకు ప్రత్యక్ష పాత్ర ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన 'మాండలిక వృత్తి పదకోశం' వ్యవసాయ పదాల సంపుటం ఒక వృత్తి భాషను శాస్త్రీయంగా నమోదు చేసే పద్ధతిని చూపింది. వలకూ, దోనెకూ, మావుకూ, నీటి తీరుకూ, గడ్డికీ, చేప దశలకూ కొల్లేటి జనం వాడే మాటలను ఆ పద్ధతిలో, ఊరూరా, వృత్తివారీగా సేకరించవలసి ఉంది. ఒక పేరు మాయమైన చోట ఒక జీవి లేదా ఒక నీటిదారి మాయమైందేమో పరిశీలించవచ్చు. పేరు మిగిలి జీవి లేని చోట తిరిగి రావలసినదేమిటో తెలుస్తుంది. అలాంటి పదపట్టిక నీటిపారుదల శాఖ పటం పక్కన, అటవీశాఖ లెక్క పక్కన నిలిచినప్పుడు కొల్లేటి ప్రణాళికకు ఇంతవరకు లేని ఆధారం ఒకటి సమకూరుతుంది. సేకరణకు మిగిలిన వ్యవధి ఎక్కువ లేదు. ఆ మాటలు తెలిసిన తరం వయసు మళ్లిన తరం.